టామర్ అత్త కుట్టిన ముసుగులు

మా స్కార్విక్‌లో ఒక జంతువు పేరు ఎవరూ పలకరు. అది బురదలో పొర్లుతుంది, కాళ్ళు పొట్టి, మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఏదో మీకు తెలిసే ఉంటుంది, నా చేత అనిపించకండి. తప్పనిసరైతే మేం 'గుర్రుగాడు' అంటాం. పడవ ఎక్కబోయే మగవాడి చెవిన దాని అసలు పేరు పడిందంటే, చటుక్కున ఇనుము ముట్టుకోవాలి. గోడకు కొట్టిన మేకైనా సరే, తాళంచెవైనా సరే, బూటు కింది నాడా అయినా సరే. అదీ దొరక్కపోతే ఆ పూట పడవ కదలదు. బయటివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. మునిగేది వాళ్ళ మొగుళ్ళు కాదు.

యుద్ధం మొదలైన మరుసటి ఏడాది ప్రభుత్వం తరపున ఒక పెద్దమనిషి వచ్చాడు. మాంసానికి కరువుగా ఉంది, ఊరూరా సంఘాలు పెట్టుకుని గుర్రుగాళ్ళను పెంచండని చెప్పడానికి. ఆ చెప్పేదేదో మా ఇళ్ళల్లో చెప్పినా బాగుండేది. రేవు గోడ మీద నిలబడి, పడవలు బయలుదేరే వేళకు, అసలు పేరుతో, గొంతెత్తి మరీ చెప్పాడు. మగవాళ్ళంతా ఒక్కసారిగా లంగరు గొలుసు మీద పడ్డారు. తన మాటకు ఇంత కదలిక ఏ ఊళ్ళోనూ రాలేదని ఆయన మురిసిపోయాడట. అన్నిసార్లు ఆ పేరు విన్నాక ఇనుము కూడా చాలదనిపించి, ఆ రోజు మా రేవులోంచి ఒక్క పడవా బయటికి పోలేదు.

ఇంతగా ఆ పేరుకు భయపడే ఊళ్ళో టామర్ అత్త చేసిన పని గురించి చెప్పాలని కూర్చున్నాను.

ఆమె నా భర్త జేబెజ్‌కు పెద్దమ్మ, వాళ్ళమ్మకు అక్క. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక ఒక్కగానొక్క కొడుకు ఈనాక్‌తో బతికింది, అతనూ చేపల పడవ మీదే. ఊరికి మంత్రసాని. కారే నెత్తుటిని మాటతో ఆపేది. పిల్లల చేతుల మీది పులిపిర్లకు చెవిలో ఏదో గొణిగి రాల్చేసేది. తాడుకు ముడులు వేసి గాలిని కట్టి ఇచ్చేది, గాలి కావలసినప్పుడు ముడి విప్పుకోవడమే. మా ప్రార్థన మందిరం బోధకుడు ఆదివారం నాడు ఆమె పేరెత్తకుండా ఆమెను తిట్టి, సోమవారం పంటినొప్పితో ఆమె గుమ్మం ముందే నిలబడేవాడు. ఆమె మందిచ్చేది, దాంతోపాటు నాలుగు చీవాట్లూ పెట్టేది. నాకు ఆమె అంటే ఒకప్పుడు భయం. తరవాత అంతకంటే పెద్దదే ఏర్పడింది. అంత గుండె ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కొందరు పిల్లలు తలమీద పల్చటి పొర కప్పుకుని పుడతారు. దాన్ని మేం పుట్టుముసుగు అంటాం. మంత్రసాని దాన్ని జాగ్రత్తగా తీసి, కాగితం మీద పరిచి ఆరబెడుతుంది. అది ఒంటి మీద ఉన్నవాడిని నీళ్ళు మింగవు. మా తాతల నాటి నుంచీ నావికులు దానికోసం రేవు రేవూ గాలించేవాళ్ళు. ఇక యుద్ధం వచ్చి నౌకాదళం వాళ్ళు మా చేపల ఓడల్నే తీసుకుని, మా మగవాళ్ళనే ఎక్కించి, జర్మన్లు నీళ్ళలో వదిలిన మందుపాతరల్ని ఏరే పని అప్పజెప్పాక, ప్రతి తల్లికీ ప్రతి పెళ్ళానికీ ఒక ముసుగు కావలసి వచ్చింది. అందరూ టామర్ అత్త దగ్గరికే వచ్చారు. మొదట్లో కొందరిని తప్ప ఆమె ఎవరినీ వట్టిచేతుల్తో పంపలేదు.

సంచులు కుట్టేది నేను. మైనపు గుడ్డ కత్తిరించి, మెళ్ళో వేసుకునేందుకు తాడు పెట్టి ఇస్తే, ఆమె తన గదిలో తలుపు వేసుకుని ముసుగు లోపల పెట్టి నోరు కుట్టేసేది. ఊళ్ళో పుట్టే పిల్లల కంటే సంచులే ఎక్కువవుతున్నాయని నాకు ఒక్కసారీ తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదేమో. నేను కుట్టిన మొట్టమొదటి సంచుల్లో ఒకటి జేబెజ్ మెళ్ళో పడింది, నాకు నిద్ర పట్టింది. అంతకంటే నేనేం అడుగుతాను?

ఈనాక్‌కు పిలుపు చలికాలంలో వచ్చింది. జేబెజ్ ఉన్న ఓడలోకే వేశారు. ఈనాక్ కొండంత మనిషి, నోట్లోంచి మాట రావాలంటే గగనం. బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం తల్లి దగ్గరికి వచ్చాడు. నేను వెనక గదిలో మైనపు గుడ్డ కత్తిరిస్తున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. నేనున్నానని అతనికి తెలీదు. ఆమె మరిచిపోయి ఉంటుంది.

తనకూ ఒకటి కుట్టమని అడిగాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది. మళ్ళీ అడిగాడు.

"నీకెందుకురా అది?" అంది ఆమె. "అదేమిటో నీకు తెలుసుగా. గుట్టమీది కసాయి దగ్గర్నించి మోసుకొచ్చి ఇచ్చేదే నువ్వు."

"నాకోసం కాదమ్మా. ఓడలో అందరికీ ఉన్నాయి. టామర్ కొడుక్కే లేదేంరా అంటే ఏం చెప్పను? ఒకటి పడేయ్, మెళ్ళో వేసుకుంటా."

"ఊళ్ళో వాళ్ళకు కట్టిన అబద్ధం నీకు కట్టలేను. అందులోనూ గుర్రుగాడి పొర. నా చేతుల్తో తెలిసి తెలిసి నా కొడుకు గుండె మీద పెట్టనా? నా వల్ల కాదురా. పో."

అతను తల్లి భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఆ కత్తెర ఇనుపదే, గట్టిగా పట్టుకున్నాను. జేబెజ్ ఆ జంతువు పేరు వింటేనే గుమ్మం దాటడు. అలాంటివాడు దాని పేగుల మీది పొరను మెళ్ళో వేసుకుని, అదే తనను కాపాడుతుందని నమ్ముకుని, మందుపాతరల మధ్య తిరుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు గదిలోకి వెళ్ళి ఆమె మీద ఒంటికాలి మీద లేచాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. నా మొగుణ్ణి చంపడానికి ఏ జర్మన్ అక్కర్లేదు, నువ్వు చాలన్నాను.

ఆమె అంతా విని, కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే వినమంది.

నిజమైన ముసుగులు తన దగ్గర రెండే ఉండేవని, అవి అడిగిన మొదటి ఇద్దరికే అయిపోయాయని చెప్పింది. తరవాత వచ్చినవాళ్ళకు లేదని చెప్పి పంపిందట. అలా లేదనిపించుకున్న వాళ్ళలో మా ఊరి కుర్రాడు సైలస్ ఒకడు. అతని ఓడ మందుపాతర తగిలి పేలాక సైలస్, అతని పక్కవాడు ఒకే పలకను పట్టుకుని తేలారు. పక్కవాడి మెళ్ళో నిజమైన ముసుగు ఉంది. కాపాడే పడవ కనబడుతూనే ఉంది, వస్తూనే ఉంది. సైలస్ ఇంక అందదులే అనుకుని పలక వదిలేశాడు. రెండోవాడు వదల్లేదు, ఇప్పటికీ బతికే ఉన్నాడు.

"ఆ వేళ్ళకు బలం ముసుగే ఇచ్చిందో, మెళ్ళో ముసుగుందన్న ధైర్యం ఇచ్చిందో నాకు తెలీదే డోర్కస్. నేనూ ఇన్నేళ్ళు నమ్మినదాన్నే. కానీ సైలస్‌ను బయటికి లాగింది ఈ చేతులే, వాడు పుట్టినప్పుడు. ఇంకోణ్ణి లేదని చెప్పి పంపలేకపోయాను."

గొర్రె పొరతో మొదట చూసిందట. ఎంత గీకినా ఆ కొవ్వు వాసన పోలేదు. మిగిలింది ఇదే. కొవ్వు గీకి, ఉప్పునీళ్ళలో కడిగి, కాగితం మీద ఆరబెడితే ఏ మంత్రసానీ పోల్చుకోలేదు. అది చేసేటప్పుడు ఎడమ చేతిలో ఇనుప కొక్కెం పట్టుకునేదట. అయిపోయాక ఇసుకతో చేతులు తోముకునేదట. ఆమె అరచేతులు ఎప్పుడూ ఎర్రగా పగిలి ఉండేవి. చాకిరీ వల్ల అనుకునేదాన్ని. అప్పుడు నేను కూర్చున్నాను. ఈ ఊళ్ళో పుట్టి, సముద్రానికి మొగుణ్ణి ఇచ్చి, ఇంకా కొడుకు సముద్రం మీద ఉండగా, ఆ జంతువును ముట్టుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందరి పిల్లల కోసం తన పిల్లవాడి అదృష్టాన్ని పణంగా పెడుతోంది. అది ఆమెకు తెలుసు. తెలిసే చేస్తోంది.

జేబెజ్‌కు చెప్పనని మాటిచ్చాను. ఈనాక్ మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వాడికివ్వడానికే నా దగ్గర ఏమీ లేదు" అంది. మర్నాడు పొద్దున ఓడ బయలుదేరినప్పుడు ఆమె రేవులోకి రాలేదు. ఓడ కదిలే వేళకు మా ఆడవాళ్ళం ఎవరమూ వెళ్ళం, వెళ్తే అపశకునం. కిటికీ దగ్గర నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను.

మంచు ఇంకా కరగని రోజుల్లో, ఒక పొద్దున, నేను రొట్టె పిండి పిసుకుతుండగా కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మా తీరంలో ఆ చప్పుడు ఏమిటో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. లైఫ్‌బోట్ వెళ్ళింది. ఊరు ఊరంతా ఇళ్ళ గుమ్మాల్లో నిలబడింది. మధ్యాహ్నానికి బతికినవాళ్ళను తెచ్చారు. జేబెజ్‌ను ఇద్దరు మోసుకొచ్చారు. అతని వేళ్ళు ఇంకా ఒక తాడు ముక్క చుట్టూ బిగుసుకునే ఉన్నాయి. వేణ్ణీళ్ళలో ముంచి ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. మెళ్ళో సంచి లేదు, నీళ్ళలో ఎక్కడో తెగిపోయింది. నేను ఏడ్చాను, నవ్వాను, నాకేం చేస్తున్నానో తెలీలేదు.

చాలామందే తిరిగొచ్చారు. ఈనాక్ రాలేదు. ఓడ వంటవాడు ఓబెద్ కూడా రాలేదు.

టామర్ అత్త తలుపు వేసుకుంది. నేను తీసుకెళ్ళిన సూప్ గిన్నె గుమ్మంలోనే ఉండిపోయేది. ఒకసారి మాత్రం లోపలికి రానిచ్చింది. ఇసుకతో తోమి తోమి అరచేతులు పుళ్ళు చేసుకుంది. దాన్ని ముట్టుకున్నందుకే తన కొడుకు పోయాడని, ఊళ్ళో పిల్లలందరికీ తనే శని పట్టించిందని, ఇక ఈ చేతులు ఏ బిడ్డనూ ముట్టుకోవని చెప్పింది. నేనేం చెప్పినా ఆమె చెవికెక్కలేదు. నెలలు నిండిన ఒక పిల్ల కోసం ఆమె తల్లి వచ్చి తలుపు కొట్టినా తియ్యలేదు. ఆ పిల్లకు పక్క ఊరి నుంచి ఎవరినో తెచ్చుకున్నారు.

ఊళ్ళో మాటలు పుట్టాయి. సొంత కొడుక్కి ముసుగు ఇవ్వని తల్లి అన్నారు. కాదు, ఇచ్చినవన్నీ ఉత్తవేనన్నారు. ఆ రెండో మాట అన్నవాళ్ళు అంతటితో ఆగిపోయి నా మొహంలోకి చూసేవాళ్ళు. నేను నీళ్ళ కుండ ఎత్తుకుని నడిచిపోయేదాన్ని. కొత్తగా పిలుపు వచ్చిన కుర్రాళ్ళు ఉత్త మెడల్తో ఓడలెక్కసాగారు. వాళ్ళ తల్లులు టామర్ ఇంటిముందు నుంచి వెళ్తూ అటు చూసేవాళ్ళు కాదు.

జేబెజ్ కోలుకున్నాడు. ఇంకో ఓడకు వెయ్యబోతున్నారని తెలిసిన రోజు కోటు తొడుక్కుని, పెద్దమ్మ దగ్గరికి వెళ్దాం రమ్మన్నాడు. ఎందుకన్నాను. నా సంచి పోయింది, కొత్తది కావాలన్నాడు. ఇప్పుడు ఆమెను ఆ మాట అడగడమంటే మానిన పుండును మళ్ళీ రేపడమే. ఆ పుండు మాననూ లేదు. వద్దని బతిమాలాను. వినలేదు.

అతని గొంతు విని ఆమె తలుపు తీసింది. చెల్లెలి కొడుకు ప్రాణాలతో కళ్ళెదుట నిలబడితే ఆమె మొహంలో సంతోషమూ దుఃఖమూ ఏకమైపోయాయి. అతను ఉపోద్ఘాతం లేకుండా అడిగేశాడు. నాకో ముసుగు కుట్టు పెద్దమ్మా, వచ్చేవారం వెళ్తున్నానన్నాడు.

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "అవి ముసుగులు కావు జేబెజ్" అంది. తరవాత, మా ఊళ్ళో ఏ ఆడదీ అనని మాట, ఓడెక్కబోయే మనిషి మొహం మీద అంది. "నీ మెళ్ళో కట్టింది పంది పొర."

నేను పొయ్యి దగ్గరున్న ఇనుప కడ్డీ అందుకుని జేబెజ్ చేతికి ఇవ్వబోయాను. అతను తీసుకోలేదు.

"పందిదని తెలుసు పెద్దమ్మా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. "పందిదే కుట్టు."

ఆ తరవాత అతను చెప్పింది నేనూ అప్పుడే వింటున్నాను. ఈనాక్ ఓడెక్కిన మొదటి రోజే అందరూ చుట్టుముట్టి నీ ముసుగేదిరా అని అడిగారట. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఓడలో ఉన్నవాళ్ళంతా చేతికందిన ఇనుమల్లా పట్టుకున్నారు. కొందరు మెళ్ళోని సంచులు తీసి నీళ్ళ మీదికి చాపారు. జేబెజ్ కూడా చాపాడట. అప్పుడు ఓబెద్ గరిటె పట్టుకుని బయటికొచ్చి, టామర్ ఎవరనుకున్నార్రా అని అడిగాడు. మనందరికంటే ఎక్కువగా ఆ జంతువుకు భయపడే మనిషి, కొడుకును సముద్రం మీద పెట్టుకుని, మనకోసం దాన్ని ముట్టుకుంది, ఇంకెవరైనా ముట్టుకుంటారా అన్నాడు.

"ఒక్కడూ విసరలేదు పెద్దమ్మా. అందరం మళ్ళీ వేసుకున్నాం. తెలిసే వేసుకున్నాం. ఓబెద్ తనది విప్పి, పొరను సగానికి కత్తిరించి, ఓ సగం ఈనాక్‌కు కుట్టి ఇచ్చాడు. వాడు నవ్వి, మెళ్ళో వేసుకున్నాడు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తరవాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఈనాక్ పలక వదిలేశాడా అని.

జేబెజ్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తనూ ఈనాక్ ఒకే తాడు పట్టుకుని ఉన్నారట. పేలుడుకి ఈనాక్ కడుపులో దెబ్బ తగిలింది, నీళ్ళలో పడక ముందే తగిలింది. అయినా ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో స్పృహ తప్పిన ఓబెద్ కాలరూ పట్టుకుని ఉన్నాడు. లైఫ్‌బోట్ వచ్చేసరికి ఇద్దరి ప్రాణమూ పోయింది. బతికున్నవాళ్ళను లాగుతుండగా కెరటం వచ్చి ఆ ఇద్దర్నీ తీసుకుపోయింది.

"వదల్లేదు. వాళ్ళు నన్ను పైకి లాగేటప్పుడు కూడా వాడి చెయ్యి తాడు మీదే ఉంది. నేను చూశాను."

అప్పుడు ఏడ్చింది టామర్ అత్త. కొడుకు పోయాక మొదటిసారి, మోకాళ్ళ మీదున్న జేబెజ్ తల పట్టుకుని, గొంతు విప్పి ఏడ్చింది. మేమిద్దరం ఆపలేదు. ఆమె వేళ్ళు అతని జుట్టులో ఉన్నాయి, ఏ బిడ్డనూ ముట్టుకోనన్న ఆ చేతులే. ఏడుపు తగ్గాక ఏప్రన్ కొసతో మొహం తుడుచుకుని, ఓబెద్ ఏ దారంతో కుట్టాడని అడిగింది. వల దారంతోనని జేబెజ్ చెప్పాడు.

"వంకరగా కుట్టి ఉంటాడు" అంది. "వాడికి గుండీ కుట్టుకోవడం కూడా రాదు." తరవాత నావైపు తిరిగింది. "కసాయి దగ్గరికి వెళ్ళిరావే. ఇన్నాళ్ళూ ఈనాక్ వెనక గుమ్మంలోంచి వెళ్ళి చాటుగా తెచ్చేవాడు. నువ్వు ముందు గుమ్మంలోంచే వెళ్ళు. పేరు పెట్టి అడుగు."

గుట్టమీది లాంగ్‌స్టాఫ్ మాంసం కొట్టు ముందు ఆ రోజు వరస పొడుగ్గానే ఉంది. సగానికి సగం మా స్కార్విక్ ఆడవాళ్ళే. టామర్ ఇంటివైపు చూడకుండా నడిచే తల్లులంతా అక్కడే ఉన్నారు. నేను వరస చివర నిలబడ్డాను. లాంగ్‌స్టాఫ్ నన్ను చూసి, ఏం కావాలమ్మా, రేషన్ మాంసమైతే అయిపోవచ్చిందని కేకేశాడు. అక్కడి నుంచే, అందరి తలల మీదుగా, నాకు పంది పొర కావాలని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చేతులన్నీ జేబుల్లోకి వెళ్ళాయి, తాళంచెవుల కోసం. వాళ్ళను నేను తప్పుపట్టలేను, నా చెయ్యి కూడా జేబులోనే ఉంది. ఎవరు మొదట తిడతారా అని నిలబడ్డాను. నా ముందున్న ఆవిడ పక్కకు జరిగింది. ఆమె ముందున్నామె కూడా జరిగింది. అలా ఒకరి తరవాత ఒకరు గోడవైపు ఒదిగి, నాకు కొట్టు బల్ల దాకా దారి ఇచ్చారు.

బల్ల దగ్గర సైలస్ తల్లి ఉంది. ఆమె చిన్నకొడుక్కి మొన్ననే పిలుపు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఆపి, "రెండు తీసుకో డోర్కస్" అంది.